చర్మం - మన ఒంటి ప్రహరీగోడ

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎగ్జిమా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లం కాము, పంతుళ్లం. అయితే ఈ జబ్బుతో పిల్లలు పడే అవమానం మా కళ్ల ముందే జరుగుతుంది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక గోక్కునే పిల్లవాడి పక్కన కూర్చోవద్దని తోటి పిల్లలకు ఇళ్లలో చెప్పి పంపుతారు. దస్తర్‌ఖాన్ మీద అతని పళ్లెం వేరు చేస్తారు. ఆడపిల్లయితే సంబంధాల వేళ దాచిపెడతారు.

మొదట తెలియవలసింది ఇది: గజ్జి చిన్న పురుగు వల్ల వస్తుంది, తామర ఫంగస్ వల్ల వస్తుంది. ఆ రెండూ అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకోదు. 'ఖూన్ ఖరాబ్' వల్ల వచ్చేదీ కాదు.

మరి ఎందుకు వస్తుంది? మన పట్నం చుట్టూ ఒకప్పుడు ఫసీల్ ఉండేది. దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా ఈనాటికీ దానికి గుర్తుగా నిలిచి ఉన్నాయి. చర్మం పైపొర అటువంటి గోడే. కణాలు రాళ్లు, వాటి మధ్య కొవ్వు పదార్థం సున్నం. ఆ రాళ్లను గట్టిపరచి తేమ నిలిపే ప్రోటీను పేరు ఫిలాగ్రిన్. దాని జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో స్కాట్లాండులోని డండీ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇలా గోడ బీటలు వారితే లోపలి తేమ బయటకు పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి.

గోడ వెనుక కావలివాళ్లు ఉంటారు. అదే రోగనిరోధక శక్తి. ఎగ్జిమాలో వారు నిద్రపోరు సరికదా, మితిమీరి మేలుకొని ఉంటారు. చిన్న దుమ్ముకు కూడా శత్రువు వచ్చాడని కేక పెడతారు. ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే పదార్థాలు ఆ కేకలే. వాటివల్ల వాపు, ఎరుపు, దురద పుడతాయి, పైగా ఫిలాగ్రిన్ తయారీ కూడా తగ్గుతుంది. గోకితే గోడ ఇంకా పగులుతుంది, కావలివాళ్లు ఇంకా రెచ్చిపోతారు. ఈ రెండు పదార్థాల పనిని ఆపే ఇంజెక్షన్, డుపిలుమాబ్, 2017లో అమెరికాలో అనుమతి పొందింది. అందరికీ అది అవసరం లేదు.

మనం చేయవలసింది ముందు గోడ బాగుచేయడం. గోరువెచ్చని నీళ్లతో కొద్దిసేపే స్నానం చేయించి, ఘాటైన సబ్బు మానిపించి, తడి ఆరీ ఆరకముందే వాసన లేని వాసెలిన్ వంటిది పూయాలి. వజూ తరువాత కూడా తువ్వాలుతో రుద్దక అద్ది, కాస్త పూసుకోవాలి. అత్తరు ఒంటికి కాక బట్టలకే పూయాలి. గోళ్లు కత్తిరించాలి. డాక్టరు చెప్పకుండా గుడ్డు, చేప, పాలు మాన్పించి, పరహేజ్ పేరుతో ఎదిగే బిడ్డను ఎండబెట్టకూడదు.

మరొక హెచ్చరిక. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలా వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, నెలల తరబడి ఇష్టం వచ్చినట్టు వాడితే చర్మం పలచబడుతుంది. అది తామర అయితే మరీ పాకుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి అనేక పూతమందులను డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. అలాగని డాక్టరు రాసిన స్టెరాయిడ్‌కు భయపడనూ కూడదు. చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు వాడితే మేలే చేస్తుంది.

ఉస్మానియా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. యునాని మీద నమ్మకం ఉన్నవారికి ఎర్రగడ్డలో చర్మరోగాల జాతీయ యునాని పరిశోధనా సంస్థ ఉంది. పోవడానికి సిగ్గెందుకు?

మన సంఘం వైద్య శిబిరం పెట్టినప్పుడు చర్మవైద్యులను కూడా పిలవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. తల్లిదండ్రులు మాత్రం శిబిరం దాకా ఆగనక్కరలేదు. పళ్లెం వేరు చేయడం ఈ రాత్రే మానవచ్చు.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.