పాతబస్తీలో పెద్ద కారు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు "పెద్ద కారుతో రోజువారీ బతుకు" అనే అంశం ఇచ్చారు. పెన్షనర్ల సభలో ఇదేం అంశమని కొందరు నవ్వారు. కాని కారణం ఉంది. మన పిల్లలు చాలామంది అమెరికాలోనో, గచ్చిబౌలిలోనో బాగానే సంపాదిస్తున్నారు. ఇంటికి వచ్చినప్పుడల్లా "నాన్నా, ఆ పాత బండి తీసేయండి, మంచి జర్మనీ కారు కొనిస్తాం" అంటున్నారు. ఇంకొందరు మిత్రులు, అలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకే వస్తున్నది కదా అని గ్రాట్యుటీ సొమ్ము వైపు చూస్తున్నారు. ఈ మధ్యనే ఇద్దరు నన్ను సలహా అడిగారు. ఇద్దరికి చెప్పేదేదో అందరికీ చెబితే మంచిదని కార్యదర్శిగారి ఉద్దేశం.

నాకు చెప్పే అర్హత ఏమిటంటే, పదవీ విరమణ తర్వాత ఆరేళ్ళపాటు షా అలీ బండలో ఒక వ్యాపార కుటుంబం వారి కారును నేనే చూసుకున్నాను. కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు. నాలుగు తలుపుల సెడాన్, అయిదువందల గుర్రాల పైచిలుకు ఇంజను. ఆ ఇంట్లో అదే రోజువారీ కారు. పిల్లల బడికి అదే, దుకాణానికి అదే, పెళ్ళికీ అదే.

ముందుగా ఈ జాతి కార్లు ఎలా పుట్టాయో రెండు మాటల్లో చెబుతాను. చూడటానికి ఆఫీసరుగారి కారులా మర్యాదగా ఉండాలి, లోపల మాత్రం పందెం కారు ఇంజను ఉండాలి అన్నది దీని వెనక ఉన్న ఆలోచన. 1980ల నడుమ వచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం5కు 286 గుర్రాల శక్తి. 1990లో మెర్సిడెస్ వారు పోర్షే వారి సాయంతో చేసిన 500ఇకి 326. ఈనాడు ఇదే తరగతిలో ఆరువందలు దాటినవి ఉన్నాయి. మనమంతా ఎరిగిన అంబాసిడర్ పెట్రోలు ఇంజనుకి ఏభైకి అటూ ఇటూ. అరవైమందిని మోసిన మన బస్సులకే నూరూ చిల్లర. అంటే నలుగురిని బడికీ బజారుకీ తిప్పడానికి అయిదు బస్సుల ఇంజన్లు ఒకచోట కట్టినట్టన్నమాట.

అయిదు బస్సుల బలం తీసుకొని మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూడండి. తోపుడు బండి మీకంటే ముందు చేరుతుంది. ఆ కారు ఎంత వేగంగా పోగలదో కంపెనీవారు పుస్తకంలో రాస్తారు. ఎంత నెమ్మదిగా, ఎంతసేపు పోగలదో రాయరు. పాతబస్తీలో పరీక్ష ఆ రెండోదానికే.

ఈ పరీక్ష మన ఊరికి కొత్తది కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరు ఇచ్చారు. 1911లో ఆయన పోయారు. 1912 నాటి ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అందింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఏడు లీటర్ల పైచిలుకు ఇంజను, ఆరు సిలిండర్లు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే మేలైన కారని పేరు. అది దశాబ్దాల కాలంలో నడిచింది కొన్ని వందల మైళ్ళు మాత్రమే! మన బస్సు రెండు రోజుల్లో తిరిగే దూరం. ఇక ఉస్మాన్ అలీఖాన్, 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన ప్రపంచ ధనవంతుడు, మామూలుగా పాతబడిన కారులోనే తిరిగేవాడని ఆనాటివారు రాశారు. పిసినారితనం అన్నారు. కావచ్చు. మెకానిక్కుగా నాకు మాత్రం, రోజూ నడిచే కారు ఏదో ఆయనకు తెలుసునని అనిపిస్తుంది.

ఆ తర్వాత కథ ఇంకా చెప్పుకోదగినది. 1967లో ఆయన పోయాక మనవడు ముకర్రం జా వారసుడయ్యారు. ఆ వంశ చరిత్ర రాసినవారు చెప్పినదాని ప్రకారం గ్యారేజీలో అరవై కార్లకు ఖర్చు పడుతుండేది, నడిచే స్థితిలో ఉన్నవి నాలుగే! పట్టాభిషేకం నాడు కొత్త నిజాం ఎక్కవలసిన కారే మొరాయించింది. ముకర్రం జాకు స్వయంగా ఇంజన్లు విప్పి బిగించడమంటే ఎంతో ఇష్టం. అయినా అరవై కార్లకు ఒక్క మనిషి ఇష్టం సరిపోదు.

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంకు సంబంధించిన పాత కార్లలో జాగ్వార్ మార్క్ ఫైవ్ ఒకటి. 1948 నుంచి 1951 వరకు తయారైన మోడల్. ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, హైడ్రాలిక్ బ్రేకులు జాగ్వార్ వారి కార్లలో దానితోనే మొదలయ్యాయి. నేటి పెద్ద సెడాన్లకు తాతలాంటిది. ఆ కంపెనీని 2008లో మన టాటా వారే కొన్నారు.

ఇప్పుడు దీని పక్కన మన సంస్థ పుట్టుక పెట్టి చూడండి. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. భాగించండి. బస్సుకు ఆరుగురు. డ్రైవరు, కండక్టరు, మిస్త్రీ, క్లీనరు, లెక్కలు రాసేవాడు, సామాను ఇచ్చేవాడు. అందుకే ఆ బస్సులు నడిచాయి, అందులోంచి ఇంత పెద్ద సంస్థ వచ్చింది. అరవై కార్లలో నాలుగే నడిచిన గ్యారేజీకి, మన డిపోకి తేడా డబ్బులో లేదు. రోజూ బండి కిందకు వంగి చూసే మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేడా.

సరే, నేను చూసుకున్న కారు సంగతికొస్తాను.

మొదటిది ఎత్తు. నేలకు, కారు అడుగుకు మధ్య నా జానెడు కూడా లేదు. గల్లీల్లో స్పీడ్ బ్రేకర్లు ఎవరి ఇంటిముందు వాళ్ళు వేసుకున్నవి. వాటి మీద ఏటవాలుగా, ఒక్కొక్క చక్రమే ఎక్కించి దింపాలి. ఆ ఇంటి డ్రైవరు కుర్రవాడు, నన్ను ఉస్తాద్ అనేవాడు, నెల రోజుల్లో ఈ విద్య నేర్చాడు. ఏ గల్లీలో ఎన్ని గడ్డలున్నాయో వాడికి కంఠతా వచ్చు.

రెండోది టైర్లు. గోడ పలచగా ఉండే టైరు. గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. పైగా ఇలాంటి చాలా కార్లలో స్టెపినీ ఉండదు. గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు ఇస్తారు. ఇక్కడి గుంతలకు అవి పగిలితే ప్యాచీ వేసేవాళ్ళు చేతులెత్తేస్తారు. ఒక జత మార్చాలంటే మనలో కొందరి రెండు నెలల పెన్షన్.

మూడోది వేడి. మే నెలలో, ముందు ఆటో, వెనక లారీ, మధ్యలో ఈ కారు. ఇంజను లోపల కొలిమిలా ఉంటుంది. తాళం తీసేశాక కూడా ఫ్యాను కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. "గాడీ బంద్ చేసినా పంఖా ఎందుకు తిరుగుతోంది సాబ్" అని గల్లీ పిల్లలు చుట్టూ మూగేవారు. అది రోగం కాదు, ఇంజను తనను తాను చల్లబరచుకోవడం. ఆ పనికి బ్యాటరీ కావాలి. రోజూ రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరిగితే బ్యాటరీ నిండదు. అందుకే ఆదివారం తెల్లవారుజామున చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ మీదుగా తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కించి గంటసేపు నడిపించాలని నియమం పెట్టాను. ఔటర్ మీద ఇప్పుడు 120 వరకే అనుమతి. చాలు. ఇంజను గొంతు సవరించుకోవడానికి అంతకంటే అక్కర్లేదు. ఆ గంటలో లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చిన బండి, తిరిగి షా అలీ బండ చేరాక నాలుగే ఇచ్చేది.

నాలుగోది మీరు ఊహించనిది. యజమాని గారి తల్లి, ఆ ఇంట్లో అందరూ అమ్మీజాన్ అంటారు, డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు. సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం మరో ఎత్తు. ఒకరోజు ఆమె నన్ను పిలిచి, "ఫోర్‌మన్ సాబ్, ఈ కారు మావాడి గౌరవానికి మంచిది, నా మోకాళ్ళకు కాదు. నాకు ఆటోనే పిలవండి" అన్నారు. అన్ని లక్షల కారు గుమ్మంలో ఉండగా ఆ ఇంటి పెద్దావిడ దవాఖానాకు ఆటోలో వెళ్ళేది. మన వయసువాళ్ళందరూ ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. కొనేముందు ఎక్కి దిగి చూడండి, ఒకసారి కాదు, పదిసార్లు.

ఇక 2020 అక్టోబరు వానలు. 13వ తేదీ రాత్రి కురిసిన వాన మీకు చెప్పనక్కర్లేదు. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు వీధుల్లో కార్లు పడవల్లా కొట్టుకుపోయాయి. ఆ రాత్రి కారు అటువైపు బంధువుల ఇంటి ఆవరణలో ఉంది. తెల్లవారేసరికి సీట్ల దాకా నీళ్ళు వచ్చి దిగాయి. ఒకసారి స్టార్టు చేసి బయటికి తీద్దామని బంధువులు తొందరపెడుతున్నారు. డ్రైవరు తాళం ఇవ్వకుండా నాకు ఫోను చేశాడు. నేను ఒకటే చెప్పాను: "బటన్ ముట్టుకోవద్దు, బ్యాటరీ తీగ ఊడదీయి."

ఎందుకంటే, గాలిని నొక్కితే ఇముడుతుంది, నీటిని నొక్కితే ఇమడదు. గాలి పీల్చుకునే గొట్టం ద్వారా సిలిండర్లోకి నీళ్ళు చేరి ఉంటే, స్టార్టు చేసిన ఆ క్షణంలోనే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అంతటితో ఇంజను పని అయిపోయినట్టే. ఇంకో సంగతి, మామూలు ఇన్సూరెన్సు పాలసీలో ఇలాంటి నష్టానికి సాధారణంగా డబ్బు రాదు. ఇంజను రక్షణకు విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. ఇది మీ చిన్న కారుకూ వర్తిస్తుంది. ఇంటికి వెళ్ళి పాలసీ కాగితం తీసి చూసుకోండి.

కరెంటు లేక గేర్లు తాళం పడిపోయాయి. కారు కదలదు. లారీ ఆ గల్లీలోకి రాదు. నాలుగు చక్రాల కింద చిన్న ట్రాలీలు పెట్టి, ఇరుగుపొరుగు పదిమంది, తమ ఇళ్ళలో బురద ఎత్తిపోసుకుంటూనే, వచ్చి మెయిన్ రోడ్డు దాకా తోశారు. ఇంజను దక్కింది. లోపలి వైర్లు, సీట్లు, కంప్యూటర్ డబ్బాలు మార్చడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ రోజు ఆ కారును కాపాడింది అయిదువందల గుర్రాలు కావు. తాళం చేతికివ్వని కుర్రవాడు, తోసిన పదిమంది.

యజమాని మంచి మనిషి. మరుసటి నెల నుంచే ఆ కుర్రవాడి జీతం పెంచారు. "కారుకు ఇన్ని లక్షలు పెట్టాను, నడిపేవాడికి లెక్క చూసుకుంటూ ఇచ్చాను" అన్నారు ఆయనే. ఈ మాట ప్రతి కారు యజమానికీ వినిపించాలని నా కోరిక.

మిత్రులారా, పెద్ద కారు చెడ్డదని నేను అనడం లేదు. దానిలోని బ్రేకులు, బిగువు, తలుపు మూస్తే వచ్చే నిశ్శబ్దం చూస్తే పనితనం తెలిసినవాడికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆదివారం తెల్లవారుజామున ఔటర్ మీద దాని పక్కసీట్లో కూర్చున్నప్పుడు నా వయసు ఇరవై ఏళ్ళు తగ్గేది. కాని కొనాలనుకున్నవారు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, ఇది రోజూ నడుస్తుందా? నడవకపోతే కొనకండి. నిలబెట్టిన కారు ఎలా అవుతుందో నిజాం గ్యారేజీ చెప్పింది. రెండు, దీన్ని చూసే మనిషి ఎవరు? అతనికి ఏమిస్తున్నాం? మూడు, పాతది కొంటే, సగం ధరకే వచ్చిందని సంతోషించేముందు విడిభాగాల ధర కనుక్కున్నామా? కారు ధర ఏటేటా తగ్గుతుంది. దాని బ్రేకు డిస్కు ధర ఏటేటా పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్ కారుకు సెకండ్ హ్యాండ్ ఖర్చు ఉండదు.

ఈ మూడింటికీ సరైన జవాబు ఉంటే, పిల్లలు ప్రేమతో ఇస్తుంటే, తీసుకోండి, హాయిగా తిరగండి. లేకపోతే, "బాబూ, ఆ సొమ్ముతో మంచి డ్రైవర్ని పెట్టి, ఎత్తుగా ఉండే చిన్న కారు కొనివ్వు" అని చెప్పండి. గ్రాట్యుటీ మాత్రం ముట్టుకోకండి. అది మన స్టెపినీ. ఆ ఒక్క చక్రం లేకుండా ఈ వయసులో ప్రయాణం పెట్టుకోకూడదు.

 ఎవరికైనా ఇన్సూరెన్సు కాగితం అర్థం కాకపోతే, భోజనాల తర్వాత నన్ను కలవండి, కలిసి చదువుదాం. సెలవు.