యజమాని సంతకం

శిశు వికాసంలో పట్టా పుచ్చుకుంటున్న మీకు అభినందనలు.

రుణమాఫీ అనగానే మనకు రైతే గుర్తొస్తాడు. అమెరికాలో ఆ గొడవంతా చదువు అప్పు మీద. మీలో కొందరు రేపు అక్కడికి వెళ్లి పిల్లల్ని చూసుకునే పనే చేయవచ్చు గనుక ఒక చట్టం సంగతి చెబుతాను. 2007లో వచ్చింది. ప్రభుత్వంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో పూర్తికాలం పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ విద్యారుణం రద్దవుతుంది. మంచి చట్టమే. కాకపోతే మీరేం పని చేశారో దానికి పట్టదు, జీతం ఎవరిచ్చారన్నదే చూస్తుంది.

ఇంట్లోనే డేకేర్ నడిపే ఒకావిడను తీసుకోండి. తెల్లారకముందే ఎవరో తల్లి ఆఫీసుకు పరుగెడుతూ నిద్రమత్తులో ఉన్న పిల్లాణ్ని ఆవిడ చేతిలో పెడుతుంది. ఇక సాయంత్రం దాకా పాలసీసాలు, డైపర్లు, కొట్లాటలు, జ్వరమొస్తే ఫోన్లు. పిలిస్తే వాడు తల తిప్పడం లేదు, చెవులు చూపించండని తల్లికి మొదట చెప్పేది చాలాసార్లు ఈవిడే. ఆ చూపు చదువుతో వచ్చింది, ఆ చదువు అప్పుతో వచ్చింది. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం. తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వచ్చి మందుల అలమరాకు తాళం ఉందా, పొగ అలారం మోగుతుందా అని చూసి వెళతాడు. ఆయన ప్రభుత్వోద్యోగి. వాయిదాలు సక్రమంగా కడితే పదేళ్లకు ఆయన అప్పు మాఫీ. ఆవిడది కాదు. దరఖాస్తు మీద అర్హతగల యజమాని సంతకం ఉండాలి, ఆవిడకు యజమాని ఆవిడే!

సొంత వ్యాపారానికి ప్రజల డబ్బెందుకని అడిగేవాళ్లున్నారు. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో అక్కడ పిల్లల్ని చూసుకునేవారి మధ్యస్థ వేతనం గంటకు 15 డాలర్ల 41 సెంట్లు. పేదింటి పిల్లల్ని ప్రభుత్వమే సబ్సిడీ ఇచ్చి ఇలాంటి ఇళ్లకూ పంపుతుంది. పిల్లల్ని అప్పగించేటప్పుడు ప్రజాసేవ, అప్పు దగ్గరికొచ్చేసరికి వ్యాపారమా? యజమాని సంతకం బదులు లైసెన్సుతో పనిచేసిన నెలలు లెక్కిస్తే సరిపోతుందని నా అభిప్రాయం. రికార్డులు ఎలాగూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.

మన దగ్గర? ఆదాయపన్ను చట్టంలో విద్యారుణం వడ్డీకి మినహాయింపు ఉంది. పన్ను కట్టేంత జీతమే లేని ప్రీస్కూల్ టీచరుకు దాంతో ఒరిగేదేమీ లేదు. 1975లో మొదలైన పథకంలో పనిచేసే అంగన్‌వాడీ టీచర్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2022 వచ్చింది. అదైనా వాళ్లు కోర్టు మెట్లెక్కితే వచ్చిందే.

హక్కు అడగాలన్నా ఎవరి దగ్గర పనిచేశామో చూపే కాగితం చేతిలో ఉండాలి. అందుకని ఒక చిన్న పని చెబుతాను. ఏ ప్లేస్కూల్లో చేరినా నియామక పత్రం, నెలనెలా జీతం చీటీ అడిగి తీసుకోండి. "మనలో మనకెందుకమ్మా కాగితాలు" అంటారు. అయినా అడగండి.