ప్లగ్గును తిట్టకండి

ఆషాఢం గాలి లేచింది. మన అనంతపురంలో ఈ గాలి లేచిందంటే మెకానిక్ షెడ్ల ముందు పాత బండ్లు వరుస కడతాయి. రేడియోకు వచ్చిన ఉత్తరాల్లో కూడా సగానికి పైగా ఒకటే మాట. "బండి స్టార్టవుతాది సార్, రెండు నిమిషాలకే ఆగిపోతాది. ప్లగ్గు మార్చినాం, అయినా అంతే." ఆ ప్లగ్గు అనే మాట దగ్గరకు వచ్చేసరికి నాకు ఉత్తరం మడిచి పెట్టాలనిపిస్తుంది.

ఎందుకంటారా? పొయ్యి అంటుకుని, కాసేపు మండి ఆరిపోయిందనుకోండి. ఇంట్లో ఆడవాళ్లు అగ్గిపెట్టె మార్చరు, సిలిండరు వైపు చూస్తారు. బండీ అంతే. స్టార్టయిందంటే ప్లగ్గు నిప్పు ఇచ్చినట్టే. ఆగిందంటే ముందు పెట్రోలు అందుతోందా అని చూడాలి. ప్లగ్గు అసలు చెడిపోదని కాదు, చెడిపోతుంది. కానీ అనుమానం దాని మీదికి చివర్లో పోవాలి.

రెండేళ్ల కిందటి మాట. బొమ్మనహాళ్ వైపు, ఇసుక దిబ్బలు పొలాల్లోకి వచ్చేసిన ఊళ్లున్నాయి కదా, అక్కడి నుంచి ఒక పెద్దాయన నా దగ్గరకు టీవీఎస్ ఎక్సెల్ బండి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడంటే సగం దూరం నడుపుకుంటూ, సగం దూరం తోసుకుంటూ. శెనక్కాయ విత్తనం వేసే అదును దాటిపోతోందని ఆయన తొందర. జేబులోంచి మూడు ప్లగ్గులు తీసి బల్ల మీద పెట్టి, "నాలుగోది బండిలో ఉంది సార్" అన్నాడు. "బ్యాటరీ పోయిందంటావా?" అని అడిగాడు కూడా. ఆ బండి నిప్పుకు బ్యాటరీతో పనే లేదు, మాగ్నెటో ఉంటుంది. కిక్కు కొట్టాను. చక్కగా స్టార్టయింది. టీ తెప్పించి ఇద్దరం తాగుతూ కూర్చున్నాం. గ్లాసు సగమయ్యేసరికి ఇంజను గుక్కపట్టి, రెండుసార్లు దగ్గి ఆగింది. లేచి ట్యాంకు మూత తిప్పాను. సుయ్యిమని గాలి లోపలికి పోయింది. మూత కింద చూస్తే పాలప్యాకెట్టు కవరు, నాలుగు మడతలు వేసి బిగించి ఉంది! గాలికి దుమ్ము పడుతుందని ఆయనే పెట్టుకున్నాడట.

ట్యాంకు మూతకు సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగాలంటే దాని జాగాలోకి గాలి రావాలి. బోర్లించిన సీసాలోంచి నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి పడటం చూశారు కదా, అదే లెక్క. కార్బొరేటరు గిన్నెలో అప్పటికే ఉన్న పెట్రోలుతో ఇంజను కాసేపు తిరుగుతుంది. అది కాస్తా అయిపోతే ఆగుతుంది. కవరు తీసేశాను. బండి మళ్లీ ఆగలేదు. ఆ మూడు ప్లగ్గులూ తుడిచి వేసి చూశాం, మూడూ పనిచేశాయి. కవరు పెట్టకపోయినా ఎర్రమట్టి, నూనె జిడ్డు కలిసి ఆ రంధ్రాన్ని పూడ్చేస్తాయి. బండి ఆగగానే మూత తీసి, మళ్లీ స్టార్టు చేసి చూడండి. తిరిగితే రోగం దొరికినట్టే.

మూతలో తప్పు లేకపోతే బండి ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి. దగ్గుతూ, నీరసపడుతూ ఆగితే పెట్రోలు సంగతి. స్విచ్చి ఆపినట్టు టక్కున ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయితే కరెంటు సంగతి, కాయిలు చూపించాలి. చోక్ వేసినంతసేపూ తిరిగి, తీయగానే ఆగుతోందంటే కార్బొరేటరు స్లో జెట్టులో చెత్త. పనులు వెతుక్కుంటూ బెంగళూరు పోయి ఆరు నెలలకు తిరిగొచ్చిన వాళ్ల బండ్లలో ఇది మామూలే. నిలవున్న పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. సూది మొనంత దారి మూసుకుపోవడానికి ఆ జిగురు చాలు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పట్టుకుంటుంది, పాత బండి రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. వేలితో నొక్కి చూసి, మెత్తబడినా పగిలినా మార్చేయండి. పైపులో పెట్రోలును మాత్రం నోటితో లాగొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో పని చేస్తారు మనవాళ్లు. దుమ్ము పట్టి బండి లాగడం లేదని ఎయిర్ ఫిల్టరే తీసి అవతల పారేస్తారు. ఈ నేల మీద, ఈ గాలిలో! ఫిల్టరు మూసుకుపోతే బండి నల్లపొగ వదిలి ఆగిపోయే మాట నిజమే. శుభ్రం చేయండి, లేదా కొత్తది వేయండి. తీసేస్తే ఆ మట్టి పిస్టనును ఆకురాయిలా అరగదీస్తుంది.

వేపచెట్టు కింద నెలల తరబడి పెట్టిన బండి అయితే సైలెన్సరు గొట్టంలోకి ఓసారి తొంగి చూడండి. కందిరీగ అందులో మట్టిగూడు కట్టి ఉండొచ్చు. పొగ బయటికి పోలేకపోతే ఇంజనుకు ఊపిరాడదు. మనకూ ఆడదు, అందుకే తలుపులు మూసిన కొట్టంలో బండి స్టార్టు చేసి పరీక్షలు పెట్టొద్దు.

ట్రాక్టరు గురించి అడిగినవాళ్లకు ఒక్క మాట. డీజిలు ఇంజను స్టార్టయి ఆగిపోతే చాలాసార్లు లైనులో గాలి పట్టి ఉంటుంది, లేదంటే డీజిలు ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది. ఫిల్టరు చూసి, చేతి పంపు కొట్టి, నురగ లేకుండా డీజిలు వచ్చేదాకా గాలి తీయాలి. ట్రాక్టరుకు స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి, అక్కడ దాని మీద నేరం మోపే వీలు ఎవరికీ లేదు.

ఇకమీద ఉత్తరం రాసేవాళ్లు మూడు సంగతులు తప్పకుండా రాయండి. బండి దగ్గుతూ ఆగిందా, టక్కున ఆగిందా? ట్యాంకు మూత తీస్తే మళ్లీ తిరిగిందా? ఎన్నాళ్లు కదలకుండా ఉంది? ఎన్ని ప్లగ్గులు మార్చారో మాత్రం రాయకండి.