శిశుహృదయమే జ్ఞానద్వారం



మగ్గాల చప్పుడు మధ్య పెరిగే దొడ్డబళ్ళాపురం పిల్లలను గమనించినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఇంట తెలుగు పలికే బిడ్డ వీధిలో ఆడుకొంటూనే కన్నడం నేర్చుకొని వస్తుంది. మాట తప్పితే తోటివారు నవ్వుతారు. తానూ వారితో కలిసి నవ్వి, మాట దిద్దుకొని, ఆట సాగిస్తుంది. అదే భాష పెద్దలకు ఏళ్ళు గడిచినా పట్టుబడదు. వారికి అడ్డువచ్చేది మందబుద్ధి కాదు. నలుగురిలో చిన్నబోతామేమోనన్న అభిమానం.

క్రైస్తవ ధర్మం శిశుహృదయానికి ఉన్నతస్థానం ఇవ్వడంలోని మర్మం ఇదే. పరలోకరాజ్యంలో ఎవరు గొప్పవారని శిష్యులు ప్రశ్నించినప్పుడు ఏసుక్రీస్తు ఒక చిన్నబిడ్డను పిలిచి వారి నడుమ నిలిపాడనీ, ఆ బిడ్డవలె తన్ను తాను తగ్గించుకొన్నవాడే గొప్పవాడని చెప్పాడనీ మత్తయి సువార్త తెలుపుతున్నది. ఆనాటి సమాజంలో బిడ్డకు అధికారం లేదు, ఆస్తి లేదు, మాటకు చెల్లుబడి లేదు. ఉన్నదల్లా చాచిన చేయి, తెరచిన మనస్సు.

అయితే శిశుత్వమంటే అజ్ఞానం కాదు. దుష్టత్వం విషయంలో శిశువులుగా, ఆలోచనలో పెద్దలుగా ఉండాలని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి హితవు చెప్పాడు. అనగా, ఎంత చదివినవాడైనా ఇంకా నేర్చుకొనవలసినది ఉన్నదని ఒప్పుకోవడమే శిశుత్వం.

తెలుగునాట ఇందుకు చక్కని నిదర్శనం వేదనాయకం శామ్యూల్ అజరయ్య జీవితం. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించిన ఆయన మాతృభాష తమిళం. 1909లో, ముప్పది అయిదేళ్ళ వయస్సులో, నాటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు సేవకై వచ్చారు. అప్పటికే దేశమంతటా పేరు పొందిన వక్త అయినా, తెలుగుకు మాత్రం కొత్త విద్యార్థి. ఎవరికి బోధించ వచ్చారో వారి నోటి మాటనే ముందు నేర్చుకోవలసి వచ్చింది. 1912లో కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయులయ్యారు. ఆ తరువాత కూడా ఆయన పల్లెబాట విడువలేదు. సమాజం దూరంగా ఉంచిన మాల, మాదిగ కుటుంబాల మధ్య కూర్చొని, అక్షరం రానివారికి పాటలతో, కథలతో బోధించారు. ఆ నిరుపేదలను కేవలం వినేవారుగా చూడక, ప్రతి విశ్వాసీ సువార్తకు సాక్షి కాగలడని నమ్మారు. 1945లో డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన కట్టించిన డోర్నకల్ ప్రధాన దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. హిందూ, ముస్లిం శిల్పరీతులను ఆదరంతో కలుపుకొన్న ఆ కట్టడానికి ఎపిఫనీ పండుగ పేరే పెట్టారు. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రాన్ని అనుసరించి వచ్చి, ఒక శిశువు ముందు మోకరించిన ఘట్టాన్ని స్మరించే పండుగ అది. వారు శాస్త్రం తెలిసినవారు. అయినా వారి ప్రయాణం ముగిసినది సింహాసనం ఎదుట కాదు, తల్లి చెంతనున్న బిడ్డ ఎదుట. జ్ఞానం తల వంచినప్పుడే వివేకంగా పండుతుందని దీని భావం.

మతమేదైనా ఈ పాఠం బడికి చాలా అవసరం. అడిగితే నవ్వుతారని ప్రశ్నను మింగిన బిడ్డ ఆనాటితో నేర్చుకోవడం ఆపివేస్తుంది. "నాకు తెలియదు, రేపు చూసి చెబుతాను" అన్న ఉపాధ్యాయుని గౌరవం తరగదు. బిడ్డ ధైర్యం పెరుగుతుంది. చదువు రాని తల్లి బిడ్డ పక్కన కూర్చొని "ఇది ఏ అక్షరం?" అని అడిగిననాడు ఆ ఇల్లే పాఠశాల అవుతుంది. ఉన్నతపదవులకు ఎదిగిన పూర్వ విద్యార్థులు ఈ ప్రాంగణానికి వచ్చినప్పుడు, బిరుదులను గుమ్మం వద్ద ఉంచి, ఒకప్పటి నేలబల్లను తలచుకొందురుగాక.

డెబ్బది అయిదేళ్ళుగా పలక పట్టిన చేతులను ఆదరించిన ఈ విద్యాలయం, పెద్దలలోని బిడ్డను కూడా మేల్కొల్పుతూ వర్ధిల్లుగాక!