రెండు పెద్ద పేర్ల మధ్య ఆడపిల్ల
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హార్వర్డా, స్టాన్‌ఫర్డా అన్న విషయం మీద మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. పొద్దుటి నుంచీ భూమి పట్టాల్లో ఆడవాళ్ళ పేర్లు ఎక్కించడం గురించీ, గృహహింస కేసుల గురించీ మాట్లాడుకుంటున్నాం. మధ్యలో అమెరికాలోని రెండు సంపన్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల ముచ్చట మనకెందుకు? ఆ రెండింటిలోనూ సీటు వచ్చి, ఎటు వెళ్ళాలో తేల్చుకోలేని అమ్మాయిలు మన జిల్లాల్లో ఎంతమంది ఉంటారు? వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అయినా ఈ విషయమే ఎంచుకున్నాను. మీలో చాలామంది మీ మీ ఊళ్ళలో ప్రైవేటు కాలేజీల, డీమ్డ్ యూనివర్సిటీల అంతర్గత ఫిర్యాదుల కమిటీల్లో బయటి సభ్యులుగా కూర్చుంటున్నారు. ఆ కుర్చీలో కూర్చునే వాళ్ళకి హార్వర్డ్‌లో 1983లో జరిగిన ఒక సంగతి తెలిసి ఉండాలి.

ముందు మన ఇళ్ళలో ఈ ఎంపిక ఎలా జరుగుతుందో చూద్దాం. ఆడపిల్లకి రెండు పెద్ద యూనివర్సిటీల నుంచి పిలుపు వస్తుంది. అవి అమెరికావి కావచ్చు, మన హైదరాబాదు, అమరావతి చుట్టుపక్కల వెలిసినవి కావచ్చు. అడిగే ప్రశ్నలు మాత్రం ఒకటే. ర్యాంకు ఎంత? ఫీజు ఎంత? జీతం ఎంతలో వస్తుంది? మనవాళ్ళెవరైనా దగ్గర్లో ఉన్నారా? హాస్టలు గేటు ఎన్నింటికి మూస్తారు? కట్నానికి దాచిన డబ్బు చదువుకి పెడుతున్న తల్లిదండ్రులను చూస్తున్నాం, సంతోషమే. (అమెరికా చదువు ఉంటే కట్నం తగ్గుతుందన్న లెక్కతో పంపేవాళ్ళూ ఉన్నారు. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.) కానీ గేటు లోపల ఉండే ప్రొఫెసరు మీద పిల్ల ఫిర్యాదు చేయవలసి వస్తే అక్కడ ఏం జరుగుతుందని అడిగిన తల్లిని గానీ తండ్రిని గానీ నేను ఇంతవరకూ చూడలేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. డిగ్రీలో చేరే విదేశీ విద్యార్థుల విషయంలో ఫీజు కట్టే స్తోమత చూడకుండా సీటు ఇవ్వడం హార్వర్డ్ పద్ధతి. స్టాన్‌ఫర్డ్ స్తోమత కూడా చూస్తుంది. పీహెచ్‌డీ విద్యార్థులకైతే రెండు చోట్లా ఫీజు లేకుండా స్టైపెండు వస్తుంది. కనుక పీహెచ్‌డీకి వెళ్ళే అమ్మాయికి డబ్బు అంత పెద్ద తేడా కాదు.

ఇక ‘ప్రైవేటు’ అన్న మాట. ప్రైవేటు అంటే తలుపు ఎవరికి తెరవాలో యజమానులే నిర్ణయించుకోవడం. ఈ రెండింటి చరిత్రలోనూ ఆ తలుపు దగ్గర ఆడవాళ్ళని ఆపిన తీరు వేరువేరుగా ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ దంపతులు చనిపోయిన తమ ఒక్కగానొక్క కొడుకు జ్ఞాపకార్థం విశ్వవిద్యాలయం పెట్టారు. 1891లో తరగతులు మొదలైనప్పటి నుంచే ఆడపిల్లలనీ చేర్చుకున్నారు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి విద్యార్థుల్లో ఆడపిల్లలు నూటికి నలభై మంది దాకా అయ్యారు. అప్పటికి భర్త పోయి, పెత్తనం జేన్ స్టాన్‌ఫర్డ్ చేతికి వచ్చింది. కొడుకు పేరు మీద పెట్టింది ఆడవాళ్ళ కాలేజీ అయిపోతుందేమోనని ఆమె భయపడింది. 1899లో ఒక నిబంధన పెట్టింది: ఏ సమయంలోనూ ఆడ విద్యార్థులు 500 మందికి మించకూడదు. విశ్వవిద్యాలయం ఎంత పెరిగినా ఆ 500 మాత్రం పెరగలేదు. 1933 దాకా అదే అమలు. పై కుర్చీలో ఒక స్త్రీ కూర్చుంటే చాలనుకునే మనవాళ్ళు ఈ కథ గుర్తుంచుకోవాలి.

హార్వర్డ్‌ది ఇంకో పద్ధతి. లెక్క పెట్టి ఆపడం కాదు, పక్క గుమ్మం చూపించడం. 1879 నుంచి ఆడపిల్లలకు విడిగా తరగతులు, 1894 నుంచి రాడ్‌క్లిఫ్ అని విడిగా కాలేజీ. మగపిల్లలకు చెప్పిన పాఠాన్నే ప్రొఫెసర్లు అక్కడికి నడిచి వెళ్ళి మళ్ళీ చెప్పేవారు. 1943లో గానీ కలిపి కూర్చోబెట్టడం మొదలుకాలేదు. హార్వర్డ్ పేరుతో డిగ్రీ 1963 నుంచే. డిగ్రీ విద్యార్థుల కోసం కట్టిన లామాంట్ లైబ్రరీలోకి 1967 దాకా ఆడపిల్లలను అడుగు పెట్టనివ్వలేదు. ఒకే పాఠం, ఒకే పరీక్ష, లైబ్రరీ మాత్రం వాళ్ళది కాదు!

ఇది అమెరికా వాళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. మన దుర్గాబాయమ్మ జైలు జీవితం తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆనర్సు చదవాలని వెళ్తే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమన్నారు. అది ప్రైవేటు కూడా కాదు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, హాస్టలు తామే ఏర్పాటు చేసుకుని, అప్పుడు సీటు తీసుకుంది.

అమెరికాలో 1972లో ‘టైటిల్ నైన్’ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీ అన్న కారణంతో వివక్ష చూపకూడదని దాని సారాంశం. కానీ ప్రైవేటు విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు అందులో మినహాయింపు ఇచ్చారు. అది ఇప్పటికీ ఉంది. హార్వర్డ్ ఆడపిల్లల సీట్ల మీద పరిమితి తీసేసింది 1970ల నడుమ. చట్టం ఆ పని చేయమని బలవంతపెట్టలేదు, లోపలా బయటా వచ్చిన ఒత్తిడి చేయించింది.

ఇప్పుడు అసలు సంగతి. 1980ల మొదట్లో హార్వర్డ్ రాజనీతి శాస్త్ర విభాగంలో టెరీ కార్ల్ అనే యువ అసిస్టెంట్ ప్రొఫెసర్ చేరింది. లాటిన్ అమెరికా రాజకీయాలు ఆమె రంగం. అదే రంగంలో అదే విభాగంలో పెద్ద ప్రొఫెసరు హోర్హే డొమింగెజ్. ఆమె ఉద్యోగం ఖాయం కావాలంటే అతని మాట కీలకం. అతను ఆమెను వేధించాడు. ఆమె ఊరుకోలేదు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. 1983లో విశ్వవిద్యాలయమే విచారించి, అతను తీవ్రమైన దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని తేల్చింది. బాగుందా? ఇక శిక్ష వినండి. మూడేళ్ళపాటు పరిపాలనా బాధ్యతలు ఇవ్వకూడదు.  ఉద్యోగం ఉంది, గది ఉంది, అదే వరండా ఉంది. ఆమెకు కొంతకాలం జీతంతో సెలవు ఇచ్చారు. సెలవు అయ్యాక రోజూ ఆ వరండాలోనే నడవాలి, అతను కూర్చున్న సమావేశాల్లోనే కూర్చోవాలి.

ఆమె హార్వర్డ్ వదిలి స్టాన్‌ఫర్డ్ వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో బయటివాళ్ళు ఏమనుకుని ఉంటారు? రెండు గొప్ప యూనివర్సిటీల మధ్య ఒక పండితురాలు తనకు నచ్చింది ఎంచుకుందనుకుని ఉంటారు. కాగితాల మీద అది ఎంపికే. నేర విచారణలో గెలిచిన మనిషి ఊరు విడిచి వెళ్ళడం, ఓడిన మనిషి ఇంట్లోనే ఉండడం మనకు కొత్తా? కోర్టులో గెలిచి పుట్టింట్లో తలదాచుకునే ఆడవాళ్ళను మీరు రోజూ చూస్తున్నారు.

ఆమె స్టాన్‌ఫర్డ్‌లో నిలదొక్కుకుంది, లాటిన్ అమెరికా అధ్యయన కేంద్రానికి డైరెక్టరైంది. అతను హార్వర్డ్‌లో ఎదిగాడు. అంతర్జాతీయ వ్యవహారాల కేంద్రానికి డైరెక్టరయ్యాడు, 2006లో వైస్ ప్రోవోస్ట్ పదవికి ఎక్కాడు. 2018 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒక ఉన్నత విద్యా పత్రిక ఈ కథ బయటపెట్టింది. ఆ తర్వాత మరికొందరు స్త్రీలు ముందుకు వచ్చారు. చివరికి 18 మంది తేలారు, దాదాపు నలభై ఏళ్ళ కాలంలో. అందులో విద్యార్థినులు ఉన్నారు, సిబ్బంది ఉన్నారు. 2019లో అతని గౌరవ హోదా తీసేసి, ఆవరణలోకి రాకూడదన్నారు. 2021లో బయటివారి కమిటీ నివేదిక ఇచ్చింది. అధికారంలో అంతరం, బోధనా సిబ్బందిలో స్త్రీలు తక్కువగా ఉండడం వేధింపులకు అనువైన వాతావరణం కల్పించాయని చెప్పింది. అప్పటి అధ్యక్షుడు కార్ల్ పేరు చెప్పి క్షమాపణ అడిగాడు. ఫిర్యాదు 1983లో, క్షమాపణ 2021లో. మధ్యలో ముప్పై ఎనిమిదేళ్ళు. 1983లో అతన్ని పంపేసి ఉంటే, తర్వాతి వాళ్ళలో ఎంతమంది పేర్లు ఆ జాబితాలో ఉండేవి కావు!

అయితే స్టాన్‌ఫర్డ్ మంచిదన్నమాట, మన పిల్లని అక్కడికే పంపుదాం అనుకుంటారేమో. టెరీ కార్ల్ అక్కడికి వెళ్ళిన కొన్నేళ్ళకే, 1991లో, ఫ్రాన్సెస్ కాన్లే అనే న్యూరోసర్జన్ స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాలకు రాజీనామా ఇచ్చింది. ఏళ్ళ తరబడి తనను చులకన చేసిన సహోద్యోగికి విభాగాధిపత్యం కట్టబెట్టబోతున్నారని. పత్రికలకెక్కింది, గొడవైంది, అతన్ని పక్కనపెట్టారు, ఆమె రాజీనామా వెనక్కి తీసుకుంది. 2015లో అదే ఆవరణలో స్పృహ లేని స్థితిలో ఉన్న షానెల్ మిల్లర్ మీద ఒక విద్యార్థి అత్యాచారయత్నం చేస్తే, 2016లో జడ్జి ఆరు నెలల శిక్ష వేశాడు. 2018లో ఓటర్లు ఆ జడ్జిని పదవి నుంచి దించేశారు. కనుక పేరు చూసి ఏదీ చెప్పలేం. ర్యాంకుల పట్టికలో ఈ సంగతులకు గడి లేదు.

యూనివర్సిటీలో లైంగిక వేధింపు కూడా వివక్షేనన్న వాదన మొదట కోర్టుకెక్కింది యేల్ మీద, 1977లో. అదీ ప్రైవేటుదే. కేసు వేసిన విద్యార్థినులు చివరికి 1980లో ఓడిపోయారు. కానీ వాదన నిలిచింది. ఫిర్యాదు తీసుకునే పద్ధతి ఒకటి పెట్టక యేల్‌కి తప్పలేదు. మన దగ్గర భన్వరీదేవి పోరాటం నుంచి 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం, విద్యాసంస్థలకు విడిగా 2016లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. ప్రైవేటువాళ్ళకూ, డీమ్డ్ వాళ్ళకూ అవి వర్తిస్తాయి. మాకు మా సొంత రూల్స్ ఉన్నాయని రిజిస్ట్రార్ చెబితే ఒప్పుకోనక్కర్లేదు.

ఆ నిబంధనలు చదివి ఉంచుకోండి. కమిటీ అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి. సభ్యుల్లో సగమైనా స్త్రీలుండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు ముగ్గురుండాలి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి కమిటీలో ఉండకూడదు. స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక సభ్యురాలు, అంటే మీరు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. అందులో ఇంకొక మాట ఉంది, చాలామంది చూడరు: విచారణ జరుగుతున్నంతకాలం ఫిర్యాదు చేసిన అమ్మాయి పరీక్ష పేపర్లను, పరిశోధనను ఆ ప్రొఫెసరు దిద్దకుండా, అంచనా వేయకుండా ఆపమని కమిటీ సిఫారసు చేయవచ్చు.  అదే చోట ఫిర్యాదుదారును వేరే విభాగానికి మార్చే వీలు కూడా రాసి ఉంది. యాజమాన్యాలకు ఇదే ఎక్కువ ఇష్టం. ‘అమ్మాయి క్షేమం కోసం’ అంటారు. అలా అన్నప్పుడు, అమ్మాయి అడిగిందా, లేక మీరే మారుస్తున్నారా అని మినిట్స్‌లో రాయించండి. మారవలసింది అతనెందుకు కాకూడదో కూడా రాయించండి.

అమెరికా వెళ్ళే పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. వాళ్ళ వీసా చదువుకు ముడిపడి ఉంటుంది. పీహెచ్‌డీలో గైడు ప్రాజెక్టు డబ్బుతోనే చాలామందికి స్టైపెండు వస్తుంది. సిఫారసు ఉత్తరం కూడా ఆయనే రాయాలి. మాట్లాడితే ఇన్ని పోతాయి. అందుకే అక్కడి పరిశోధక విద్యార్థులు యూనియన్ పెట్టుకున్నారు. 2019లో హార్వర్డ్ విద్యార్థి కార్మికులు సమ్మె చేసినప్పుడు, వేధింపు ఫిర్యాదుల్లో యూనివర్సిటీకి సంబంధం లేని మధ్యవర్తి ముందుకు వెళ్ళే హక్కు వాళ్ళ ముఖ్య డిమాండ్లలో ఒకటి. 2020 ఒప్పందంలో అది దక్కలేదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధక విద్యార్థులు 2023లో యూనియన్‌కి ఓటు వేశారు. వెళ్ళేముందు మన అమ్మాయి ర్యాంకుతో పాటు ఆ యూనియన్ వాళ్ళకి ఒక ఉత్తరం రాసి, ఆ విభాగంలో గత పదేళ్ళలో మధ్యలో వదిలి వెళ్ళిపోయిన ఆడవాళ్ళెవరు, ఎందుకు వెళ్ళారు అని అడగవచ్చు. ఏ వెబ్‌సైటులోనూ దొరకని జవాబు అక్కడ దొరుకుతుంది.

ఇక్కడి ప్రైవేటు యూనివర్సిటీల గురించి అడగడం మన పని. వచ్చే మే, జూన్ నెలల్లో తల్లిదండ్రులు సీట్ల కోసం తిరుగుతారు. ఈలోగా మీ జిల్లాలో ఉన్న ప్రతి ప్రైవేటు యూనివర్సిటీకీ సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం పంపండి. కమిటీ సభ్యుల పేర్లు, ఎన్నికైన విద్యార్థుల పేర్లు, గత మూడేళ్ళ వార్షిక నివేదికలు అడగండి. ఫిర్యాదులు ‘సున్నా’ అని జవాబు వస్తే దాన్ని మంచి యూనివర్సిటీల జాబితాలో వేయకండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. వచ్చిన జవాబులూ, రాని జవాబులూ రెండూ మాకు పంపితే ఈ పత్రికలోనే పట్టిక వేస్తాం. ఉత్తరం నమూనా టీ విరామంలో బల్ల మీద ఉంటుంది, తీసుకోండి.