సైకిలు: ఎన్నిక, పోషణ, దారి తెలుపు సాధనములు

(గ్రామీణ యువజన శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మీ ఇంటి గోడకు ఆన్చి యున్న సైకిలు. తెలిసిన వస్తువును గురించి క్రొత్తగా వినవలసిన దేమున్నదని మీకు తోచవచ్చును. కాని మోటారు సైకిలు వచ్చిన ఇండ్లలో సైతము సైకిలు పని తీరిపోలేదు. తెల్లవారకముందే పాలకేంద్రమునకు పాలు చేర్చువారికి, మడికి నీరు పెట్టబోవు రైతుకు, మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున గల ఉన్నత పాఠశాలకు పోవు బాలికకు నేటికిని అదియే వాహనము. దానికి పెట్రోలు అక్కర లేదు. తొక్కుటకు అనుమతి పత్రమును అక్కర లేదు.

ఒక సైకిలు వలన ఎంత మార్పు కలుగునో తెలుపు నిదర్శనములు మన దేశముననే కలవు. 1990 దశాబ్ది ఆరంభమున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. చదువు నేర్పుటకు, సరకులు తెచ్చుకొనుటకు, నీరు మోసికొనుటకు ఇతరుల కొరకు వేచియుండు అవసరము వారికి తప్పినది. బీహారు రాష్ట్రములో 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు సమకూర్చు పథకము ప్రారంభమైనది. దాని ఫలితములను పరిశీలించిన ఆర్థికశాస్త్రవేత్తలు, ఆ తరగతులలో చేరు బాలికల సంఖ్య 30 శాతమునకు మించి పెరిగినదని కనుగొనిరి. ఆ పెరుగుదల ముఖ్యముగా బడి దూరముగా నున్న గ్రామములలోనే కనబడినది. మన ఆంధ్రప్రదేశమున కూడ 2017లో ‘బడికొస్తా’ అను పేర ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచబడినవి.

అయితే సైకిలు ఇంటికి వచ్చుటతో పని ముగియదు. అది నడచుచుండవలెను. చిన్న పంచరు వేయింపక నెలల తరబడి మూలబడిన సైకిళ్లను నేను పెక్కు గ్రామములలో చూచితిని. సైకిలు మూలబడిన దినమున ఆ బాలిక నడచిపోవును. నడకకు పొద్దుచాలని దినమున బడి మానును. కొన్ని దినములు మానిన పిల్లను ఇంటి పనిలో పెట్టుట పెద్దలకు సులభమగును. కావున సైకిలు పోషణ అనునది పిల్లల చదువుకు సంబంధించిన విషయమని గ్రహింప ప్రార్థన.

ఎన్నుకొను విధము

సైకిలు కొనబోవునపుడు మొదట చూడవలసినది రంగు కాదు, ఎత్తు. పై కమ్మీకి ఇరువైపుల కాళ్లు పెట్టి, పాదములు రెండును నేలకు పూర్తిగా ఆనునట్లు నిలిచినపుడు, కమ్మీకిని శరీరమునకును నడుమ ఒకటి రెండు అంగుళముల సందు ఉండవలెను. పిదప సీటు ఎత్తు సరిచూడవలెను. సీటుపై కూర్చుండి, క్రిందికి దిగిన పెడలుపై మడమ నుంచినపుడు కాలు చాచుకొని నిలువవలెను. అపుడు పాదము ముందు భాగముతో తొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. సీటు మరీ క్రిందికి ఉన్నచో మోకాళ్లు నొచ్చును. మరీ పైకి ఉన్నచో నడుము అటునిటు ఊగును. “పిల్లవాడు ఎదుగును గదా” యని పెద్ద సైకిలు కొనుట మన ఇండ్లలో వాడుక. కాలందని సైకిలును ఆపదలో ఆపుట పిల్లవానికి సాధ్యము కాదు. చీర కట్టువారికి, పావడా ధరించు బాలికలకు పై కమ్మీ లేని ఫ్రేము అనుకూలము. వెనుక చక్రమునకు వస్త్రము చుట్టుకొనకుండ వలకట్టు, చైనుకు కప్పు ఉండవలెను.

రెండవది, పని. బరువు మోయువారికి ఇనుప రాడ్ల బ్రేకులు గల పాతకాలపు 28 అంగుళముల చక్రముల సైకిలు నేటికిని తగినదే. దిట్టమైన క్యారియరు, రెండు కాళ్ల స్టాండు దానికి కావలెను. బరువంతయు వెనుకనే పేర్చినచో ముందు చక్రము తేలి, హ్యాండిలు వశము తప్పును. పాలబిందెలైనను బస్తాలైనను ఇరువైపుల సమముగా, క్రిందుగా కట్టవలెను. గేర్లు గల సైకిలు ఎత్తుపల్లముల దారిలో శ్రమ తగ్గించును. కాని దాని పనితనము సున్నితము. మీ ఊరి మిస్త్రీ బాగుచేయగల సైకిలే మీకు మంచి సైకిలు. విడిభాగములు దగ్గరి పట్టణమున దొరకునా యని కొనుటకు ముందే విచారింపుడు.

వారమునకొక అరగంట

సైకిలునకు వారమునకొక అరగంట చాలును. ఆ అరగంటలో మొదటి స్థానము బ్రేకులది. రెండు బ్రేకులను గట్టిగా పట్టి సైకిలును ముందుకు త్రోసి చూడవలెను, చక్రము తిరుగరాదు. బ్రేకు రబ్బరు అరిగి లోహము రిమ్మునకు తగులుచున్నచో ఆ దినముననే మార్చవలెను. రిమ్ముపై గాని రబ్బరుపై గాని నూనె చుక్క పడరాదు. మరియొక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను: ఇనుప రిమ్ము వానలో తడిసినపుడు బ్రేకు పట్టు మిక్కిలి తగ్గును. వానలో మెల్లగా పోవుచు, ఆపవలసిన చోటికి చాల ముందుగానే రెండు బ్రేకులను కొంచెము కొంచెముగా పట్టవలెను. రోడ్డుపైకి లారీలు వచ్చు మలుపులలో ఈ ఒక్క జాగ్రత్త ప్రాణమును నిలుపును.

తరువాత గాలి. ఎంత గాలి ఉండవలెనో టైరు ప్రక్కననే అచ్చువేసి యుండును. గాలి తక్కువైన టైరు బరువుగా నడచుటయే గాక, రాయి తగిలినపుడు ట్యూబు రిమ్మునకు నొక్కుకొని చిట్లును. గాలి దిగిన ప్రతిసారియు పంచరే అనుకొనరాదు. పాత పద్ధతి వాల్వులో ఉండు చిన్న రబ్బరు గొట్టము, అనగా వాల్ ట్యూబు, ఎండకు చివికి గాలి వదలుచుండును. వాల్వు మూతిపై తడి వ్రేలు పెట్టగా బుడగలు వచ్చినచో దోష మచటనే యున్నది. నిజముగా పంచరైనచో, ట్యూబునకు మాసిక వేయుటకు ముందు టైరు లోపలి భాగమంతయు వ్రేళ్లతో జాగ్రత్తగా తడిమి చూడవలెను. తుమ్మముల్లో పల్లేరుముల్లో అందుననే మిగిలియున్నచో మరల పంచరు తప్పదు. మాసిక వేయు చోటును గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, అది తేమ ఆరువరకు ఆగి, పిదప మాసిక నొక్కవలెను. ఆ రెండు నిముషములు ఆగలేకపోవుటయే మాసిక ఊడుటకు కారణము.

చైను విషయము. మట్టి పేరుకొన్న చైనును కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత పలుచని యంత్రపు నూనె చుక్కలుగా వేసి, పైన మిగిలినదానిని తుడిచివేయవలెను. పైన నిలిచిన నూనె దుమ్మును పట్టి ఆకురాయివలె చైనును అరగదీయును. వంటనూనె వేయరాదు, అది కొన్ని దినములకే జిగురు కట్టును. చైను అరుగుదల తెలిసికొనుటకు బడిపిల్లల కొలబద్ద చాలును. క్రొత్త చైనులో 24 లంకెల పొడవు సరిగా 12 అంగుళములు. అది అంగుళములో పదునారవ వంతు సాగినచో చైను మార్చవలెను. ఎనిమిదవ వంతు సాగు వరకు ఊరకున్నచో పండ్లచక్రములును అరిగి, చిన్న ఖర్చు పెద్ద ఖర్చగును.

పెడలు తొక్కునపుడు చుట్టుకొకసారి ‘టక్’ మని తగిలినచో క్రాంకు పిన్ను వదులైనదని శంకింపవలెను. చక్రమును పట్టుకొని ప్రక్కలకు ఊపినపుడు కదలిక యున్నచో ఇరుసు దగ్గర గుండ్లు వదులైనవి. పుల్లలను ఒక్కొక్కటిగా వ్రేలితో మీటినచో, బిగువైనది మ్రోగును, వదులైనది మూగపోవును. ఈ పరీక్షలు పదియేండ్ల పిల్లలు కూడ చేయగలరు. సరిచేయు పని మాత్రము మిస్త్రీకి అప్పగింపుడు.

చీకటి పడిన తరువాత తొక్కువారికి ముందు తెల్లని దీపము, వెనుక ఎర్రని దీపము గాని అద్దకము గాని అవసరము. అద్దకమును బురద కప్పినచో అది లేనట్లే. ప్రతి సాయంకాలము ఒకసారి తుడువవలెను. వెనుక వచ్చు వాహనమునకు మీరు కనబడుటయే మీకు రక్ష.

దారి తెలుపు సాధనములు

ఇపుడు యువజనులు ఆసక్తితో అడుగు విషయమునకు వత్తును. పూర్వము బాటసారికి ధ్రువనక్షత్రము, చెరువుగట్టు, గుడి గోపురము గురుతులు. రోడ్డు ప్రక్కన గల కిలోమీటరు రాళ్లు నేటికిని మంచి గురువులు. రాతి తలకు పసుపు రంగు ఉన్నచో అది జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉన్నచో రాష్ట్ర రహదారి, నారింజ రంగు ఉన్నచో గ్రామీణ రహదారి అని గుర్తింపవచ్చును.

దూరము కొలుచు మీటరు కూడ సైకిలునకు దొరకును. చక్రపు పుల్లకు కట్టిన చిన్న అయస్కాంతము ఎన్ని చుట్లు తిరిగినదో అది లెక్కించును. 28 అంగుళముల చక్రము ఒక చుట్టునకు సుమారు 220 సెంటీమీటర్లు సాగును గనుక, కిలోమీటరునకు రమారమి 450 చుట్లు. చక్రము కొలత సరిగా తెలుపకున్నచో మీటరు చెప్పు దూరము తప్పగును. దిక్సూచి వాడువారు సైకిలు దిగి, ఇనుప హ్యాండిలునకు దూరముగా జరిగి చూడవలెను. ఇనుము ముల్లును ప్రక్కకు లాగును.

నేడు అందరి చేతిలో ఉన్న సాధనము సెల్‌ఫోను. అది ఉన్న చోటును తెలిసికొనుటకు ఆకాశమున తిరుగు ఉపగ్రహముల సంకేతములను అందుకొనును. కనీసము నాలుగు ఉపగ్రహములు కనబడవలెను. అమెరికా వారి జీపీఎస్ ఇందులో ప్రసిద్ధము. మన దేశము నిర్మించిన నావిక్ వ్యవస్థలోని తొలి ఉపగ్రహము 2013 జూలై 1న మన శ్రీహరికోట నుండియే ఎగిరినది. ఈ సంకేతములకు సెల్ టవరుతో పని లేదు; టవరు అందనిచో ఆగునది పటము మాత్రమే. కావున బయలుదేరుటకు ముందే ఆ ప్రాంతపు పటమును ఫోనులో దింపుకొని ఉంచుకొనవలెను. ఫోనును హ్యాండిలునకు బిగించువారు గట్టి పట్టు, వాన తగులని సంచి సమకూర్చుకొనవలెను. దానిని చూచుటకు మాత్రము సైకిలు ఆపవలెను. ఎండలో నిలిచిన ఫోను వేడెక్కి ఆగిపోవచ్చును గనుక ముఖ్యమైన మలుపులను కాగితముపై వ్రాసి జేబులో నుంచుకొనుట మేలు.

ఒక హెచ్చరిక. పటము దగ్గరి దారిని చూపును. ఆ దారిలో వాగు పొంగినదని అది ఎరుగదు. నీరు ప్రవహించు కాజువేపైకి, ఎంత లోతు తక్కువగా కనబడినను, సైకిలుతో దిగరాదు. ఒడ్డున ఉన్న పశువుల కాపరిని, “అయ్యా, దారి ఎట్లున్నది?” అని అడుగుటకు సంకోచింపరాదు. ఆ దినపు వార్త అతనికి తెలిసినంతగా ఏ యంత్రమునకును తెలియదు.

మిత్రులారా, చివరగా ఒక విన్నపము. మీ పాఠశాలలో ఒక గాలిపంపు, రెండు టైరు లీవర్లు, మాసికలు, సొల్యూషను, ఒక స్పానరు గల పెట్టె ఉంచుడు. ఊరి మిస్త్రీని ఒక శనివారము పిలిచి, బాలబాలికలకు పంచరు వేయుట నేర్పింపుడు. ఆ పెట్టె తాళపుచెవి ఒక విద్యార్థినికే అప్పగింపుడు. బడికి దూరమైన పిల్లను మరల తెచ్చుట కష్టము. బడికి వచ్చు పిల్ల సైకిలును నడచునట్లు చూచుట మన చేతిలోని పని. సెలవు.