డయాలసిస్‌పై ఉన్న పిల్లల ఎముకలు - జాతి భేదాలు

మూత్రపిండాలు రక్తాన్ని వడగడతాయని మీరు చదువుకున్నారు. అవి ఎముకలను కూడా కాపాడతాయన్నది నేటి పాఠం.

విటమిన్ డి చురుకైన రూపం పొందేది ముఖ్యంగా మూత్రపిండంలోనే. అధిక ఫాస్ఫేట్‌ను బయటికి పంపేదీ అదే. మూత్రపిండాలు విఫలమైతే ఫాస్ఫేట్ పేరుకుంటుంది, రక్తంలో కాల్షియం తగ్గుతుంది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు పారాథార్మోన్‌ను అధికంగా విడుదల చేస్తాయి. అది ఎముకలోని కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. పెరిగే వయసులో ఇలా జరిగితే కాళ్లు వంకర పోవచ్చు, ఎత్తు పెరగడం కుంటుపడవచ్చు. డయాలసిస్ మలినాలను తొలగిస్తుందే గాని, విటమిన్ డిని చురుకుగా మార్చలేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అమెరికాలో ఆరోగ్యవంతులైన నల్లజాతివారిలో, తెల్లవారితో పోలిస్తే, రక్తంలో విటమిన్ డి సగటున తక్కువ, పారాథార్మోన్ ఎక్కువ. అయినా వారి ఎముకల సాంద్రత ఎక్కువ, ఎముకలు విరగడం తక్కువ. ఎందుకు? వారి ఎముక పారాథార్మోన్‌కు అంత తేలికగా లొంగదని పరిశోధనలు సూచించాయి.

మరి డయాలసిస్‌పై ఉన్న ఇద్దరు పిల్లల్లో పారాథార్మోన్ అంకె ఒకటే అయితే, ఎముకల స్థితి కూడా ఒకటేనా? కానక్కరలేదు. మందు తక్కువైతే ఎముక అరుగుతూనే ఉంటుంది. ఎక్కువైతే పారాథార్మోన్ మరీ పడిపోయి, ఎముక తనను తాను పునర్నిర్మించుకోవడమే దాదాపు ఆగిపోతుంది. రెండూ ప్రమాదమే.

నిజం తేల్చేది ఎముక బయాప్సీ. కొన్ని రోజుల వ్యవధితో రెండుసార్లు టెట్రాసైక్లిన్ మందు ఇస్తారు. అది కొత్తగా ఏర్పడే ఎముకలో చేరి, సూక్ష్మదర్శినిలో రెండు మెరిసే గీతలుగా కనిపిస్తుంది. గీతల మధ్య దూరమే ఆ రోజుల్లో పెరిగిన ఎముక. అయితే తుంటి ఎముక నుంచి ముక్క తీయాలి కాబట్టి ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేయరు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. జాతి అనేది రక్తంలో కనిపించే పదార్థం కాదు, సమాజం చేసిన విభజన. దాని వెనుక వంశపారంపర్యంతోపాటు ఆహారం, ఎండ, ఆదాయం, వైద్యం అందుబాటు కూడా ఉంటాయి. హిస్పానిక్ అనే ఒక్క మాట కింద ఎన్నో మూలాల ప్రజలున్నారు. కనుక చర్మం రంగు చూసి మోతాదు నిర్ణయించడం శాస్త్రం కాదు. కాల్షియం, ఫాస్ఫేట్, పారాథార్మోన్ విలువలను మళ్లీ మళ్లీ కొలిచి, కలిపి చూడాలని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

సగటు ఒక సమూహానిది. చికిత్స మాత్రం ఎదురుగా ఉన్న బిడ్డకు.